దగ్గరికి వచ్చిన జింక మచ్చికైన జింక కాదు

వన్యప్రాణి సంరక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఊళ్ల అంచున మేసే జింకలు మనిషిని చూసి బెదరడం మానేశాయి కాబట్టి వాటినీ మేకల్లా పెంచుకోనివ్వాలని కొందరు అంటున్నారు. అలాంటి ప్రతిపాదన తమ వద్దకు వస్తే ఒప్పుకోవద్దని ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పేది ఏటేటా కొమ్ములు రాల్చే దుప్పుల గురించి కాదు. రాలని కొమ్ములున్న కృష్ణజింక, మనుబోతు వంటి వాటి గురించి. ఇవి ఆవు, మేకల కుటుంబానికి చెందినవే. ఆ చుట్టరికమే చాలామందికి ఆశ పుట్టిస్తోంది.

ఊరి దాపున పైరుంటుంది, ఎండాకాలంలో నీరుంటుంది, పైగా మనుషుల అలికిడికి వేటాడే మృగాలు జంకుతాయి. రోజూ కనిపించే మనిషి వల్ల హాని లేదని తెలిశాక, ఒకప్పుడు అల్లంత దూరాన్నుంచే పరుగు తీసిన జింక ఇప్పుడు రాయి విసిరేంత దగ్గరలో నిలబడి నెమరు వేస్తుంది. అది ఆ ఒక్క జంతువు నేర్చుకున్న అలవాటు. దాని పిల్లకు పుట్టుకతో రాదు. సాధు స్వభావం రక్తంలో దిగాలంటే తరతరాల ఎంపిక కావాలి. 1959లో ద్మిత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త సైబీరియాలో నక్కలతో మొదలుపెట్టిన ప్రయోగం అలాంటిదే. ప్రతి తరంలోనూ అతి సాధువైన వాటినే ఎంచి జత కట్టించారు.

జింకల విషయంలో మనిషికి అవకాశం దొరకక కాదు. సిరియాలోని అబూ హురేరాలో ప్రాచీనులు గజెల్ జింకల మందలను ఎంతోకాలం వేటాడి తిన్నారు. చివరికి దొడ్డికి చేరింది మాత్రం గొర్రె, మేక. ఉక్రెయిన్‌లోని అస్కానియా నోవాలో ఈలాండ్ అనే ఆఫ్రికా పెద్ద జింకలను పెంచి పాలు కూడా పితికారు. దశాబ్దాలు శ్రమించినా ఈలాండ్ ఆవుకు సాటి రాలేదు. రెండు మీటర్ల కంచెను అవలీలగా దాటే జంతువును కట్టడి చేయడమే కష్టం.

నన్ను ఎక్కువగా బాధించేది పిల్లల సంగతి. తల్లి జింక పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేతకు వెళ్తుంది, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. కదలకుండా పడుకున్న ఆ పిల్లను చూసి, తల్లి వదిలేసిందనుకుని జాలితో ఇంటికి ఎత్తుకుపోతారు. సాయం చేశామనే వారి నమ్మకంలో కపటం లేదు. కానీ తల్లి తిరిగి వచ్చేసరికి అక్కడ పిల్ల ఉండదు. మనుషుల మధ్య పెరిగిన పోతుపిల్ల ఈడుకొచ్చాక మనిషినే తన పోటీదారు అనుకుంటుంది. పాలసీసాతో పెంచిన చేతిమీదికే కొమ్ములతో వస్తుంది.

పట్టుకోవడమూ ప్రమాదమే. గుంపుగా తరిమితే భయానికి, అలసటకు కండరాలు దెబ్బతిని, పట్టుకున్న కొన్ని గంటలకో రోజులకో జింక చనిపోవచ్చు. ముద్దుగా పెట్టే ధాన్యం, రొట్టెలు ఎక్కువైతే దాని పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఊరి అంచున జింకలకు తిండి పెట్టడాన్ని ఆపించండి. గడ్డిలో పిల్ల కనిపిస్తే ముట్టుకోకుండా కబురు చేయాలని ఈనే కాలానికి ముందే ఊరూరా చెప్పించండి. పైరు పోయిన రైతుకు పరిహారం పంట కాలం దాటకముందే అందించండి. జింకల మీద అతని ఓర్పు దాని మీదే ఆధారపడి ఉంది. పెంపకంపై పరిశోధన జరగాలనుకుంటే, ఇప్పటికే బందిఖానాలో పుట్టిన మందలతోనే చేయించండి. అడవిలోంచి ఒక్క పిల్లను కూడా తేనివ్వకండి.

ఇట్లు,
జింకలను దూరం నుంచే చూసే ఒక పౌరుడు