బుజ్జి గురించి అక్కకి ఉత్తరం

మినియాపొలిస్

అక్కా,

మేం బాగున్నాం. పని ఎప్పటిలాగే ఉంది. ఆవకాయ సీసా కారకుండా చేరింది. బావగారి మోకాలు ఎలా ఉంది?

మీ అమ్మాయి బుజ్జి రాత్రిళ్లు అన్నం మానేస్తోందన్నావు. అప్పట్నుంచీ మనసంతా అక్కడే. ఓణీల ఫంక్షన్లో "డ్రమ్ములా అయిందేంటే" అన్నది మీ అత్తగారే కదా. ఆవిడని తప్పుపట్టట్లేదు, ప్రేమగానే అనుంటారు. కానీ పెద్దమనిషయ్యే వయసులో నడుం, తొడలు నిండటం, ఏడాదికి నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. ఇక్కడి మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1998 నుంచి పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. చిన్నప్పుడు బరువు మీద ఎగతాళి పడ్డవాళ్లలో, పదిహేనేళ్ల తర్వాత ఊబకాయమే ఎక్కువ కనిపించింది. సన్నబడాలని అన్న మాటలకి ఫలితం అదీ!

ఎందుకంటే, పొద్దున టిఫిన్, రాత్రి అన్నం మానేసిన పిల్ల సాయంత్రానికి ఆకలికి ఆగలేక చిప్స్ ప్యాకెట్ మొత్తం లాగించేస్తుంది. తర్వాత సిగ్గుపడి మళ్లీ మానేస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పదమూడు నుంచి పదిహేనేళ్ల ఆడపిల్లకి రోజుకి 30 మిల్లీగ్రాముల ఐరన్, 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పూటలు మానేస్తే అవెక్కడ దొరుకుతాయి?

హాల్లోంచి బరువు మిషన్ తీసెయ్. "తినవే" అని బతిమాలొద్దు, "ఇక చాలు" అనొద్దు. రాత్రి అందరూ ఒకేసారి కూర్చోండి, టీవీ ఆపేసి. పప్పు, కూర, పెరుగు గిన్నెలు మధ్యలో పెట్టు, తనే వడ్డించుకుంటుంది. "సన్నబడ్డావే, బాగున్నావు" అన్న మెప్పు కూడా వద్దు. రేపు కిలో పెరిగితే బాగోలేనట్టే అనుకుంటుంది. నువ్వూ అద్దం ముందు నీ పొట్టని తిట్టుకోకు, అది వింటుంది. చుట్టాలెవరైనా మొదలెడితే దాని ముందే "మా ఇంట్లో బరువు మాటలొద్దండీ, దాని డ్రాయింగులు చూడండి" అనెయ్.

తినగానే బాత్రూంలోకెళ్లి గడియ పెట్టుకున్నా, కళ్లు తిరిగినా, వస్తున్న నెలసరి ఆగిపోయినా ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకి చూపించు. బరువు అంకె దాని ముందు పైకి చదవొద్దని ముందే చెప్పు.

బుజ్జి తన బ్లౌజు బిగుతైందని బీరువాలో దాచేసిందిగా, లోపల వదిలిన గుడ్డ ఉంటుంది, కుట్టు విప్పించు.

అమ్మ బీపీ మాత్రలు అయిపోవచ్చాయేమో చూడు. శనివారం ఫోన్ చేస్తాను.

నీ చెల్లి