సికిల్ సెల్‌కు 18 కోట్ల వైద్యం సరే, మాత్రల సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

జన్యువును కత్తిరించి సికిల్ సెల్ వ్యాధిని నయం చేస్తున్నారన్న వార్తలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. సంతోషమే. కానీ పాడేరు ఏజెన్సీలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఆ వార్తల్లో ఒక విషయం ఎప్పుడూ కనబడదు. ఆ వైద్యం శరీరంలో ఏం సాధిస్తుందో అందులో కొంత సాధించే చవక మందు మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. కొండ మీది రోగికి అది తెరిపి లేకుండా అందాలి కదా, దాని ఊసే ఉండదు.

గుట్టంతా బీసీఎల్11ఏ అనే జన్యువులో ఉంది. కడుపులో బిడ్డకు ఉండే హిమోగ్లోబిన్ వేరు, పెద్దలకు ఉండేది వేరు. పుట్టిన కొన్ని నెలలకు మొదటి రకం తయారీ దాదాపు ఆగిపోతుంది. ఆపేవాటిలో ముఖ్యమైనది ఈ జన్యువు తయారుచేసే ప్రొటీనే. అది డీఎన్‌ఏకు అతుక్కుని, ఆ మొదటి రకాన్ని తయారుచేసే జన్యువు నోరు నొక్కేస్తుంది. ఇలా ఇతర జన్యువుల మీద పెత్తనం చేసే ప్రొటీన్లను ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. సికిల్ సెల్‌లో లోపం ఉన్నది పెద్దల హిమోగ్లోబిన్‌లో. ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారినందుకు ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఈ బిడ్డలు తొలి నెలల్లో బాగానే ఉంటారు. ఆ తర్వాతే చేతులూ పాదాలూ వాచి గుక్కపట్టి ఏడుస్తారు. తల్లులు చలిగాలి తగిలిందనుకుంటారు.

ఆ పిండ దశ హిమోగ్లోబిన్‌ను నొక్కిపెడుతున్నది బీసీఎల్11ఏ అని 2008లో బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం తేల్చింది. ఈ జన్యువు మెదడుకూ, కొన్ని తెల్ల కణాలకూ అవసరమే. అందుకని దాన్ని పూర్తిగా తీసేయరు. ఎర్ర కణాలుగా మారే కణాల్లో దాన్ని నడిపించే చిన్న డీఎన్‌ఏ ముక్కను మాత్రం, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో చెడగొడతారు. క్యాస్‌జెవీ పేరుతో ఈ వైద్యానికి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. ఏడాదికి పైగా గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం 12 నెలల పాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, అంటే 18 కోట్ల రూపాయల పైమాటే. దానికి ముందు గట్టి కీమో మందుతో మూలుగను ఖాళీ చేయాలి కూడా.

హైడ్రాక్సీయూరియా అనే మాత్ర వేరే దారిలో వెళ్లి అదే పిండ దశ హిమోగ్లోబిన్‌ను కొంత పెంచుతుంది. వ్యాధిని నయం చేయదు. అయితే దానివల్ల నొప్పులు దాదాపు సగానికి తగ్గాయని అమెరికా, కెనడాల్లో జరిగిన పరీక్షల ఫలితాలు 1995లోనే వచ్చాయి. చిక్కల్లా దాన్ని ఆపకుండా వాడాలి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందిని పరీక్షించి, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలిస్తామంది. పరీక్షలు చేయడం మంచిదే. ఆ తర్వాత? మా పక్క ఊరి తల్లి ఒకావిడ ఆధార్, రేషన్ కార్డులున్న ప్లాస్టిక్ కవర్లోంచి కొడుకు పరీక్ష ఫలితం రాసిన సికిల్ సెల్ కార్డు తీసి, ‘ఇందులో ఏముంది మాస్టారూ?’ అని అడిగింది. పిల్లాడికి రోగముందని ఆమెకు తెలుసు. రోజూ మాత్ర ఎందుకు వేయాలో ఎవరూ చెప్పలేదు. దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, ‘స్టాక్ లేదు, వచ్చే వారం సంతకు వచ్చినప్పుడు కనబడు’ అన్నారట. ఆ మాట విన్నాక రెండు సంతలు గడిచాయి. వానాకాలం, చలి. ఈ రోగులకు నొప్పులు తిరగబెట్టే రోజులివే.

నా విన్నపం చిన్నదే. పరీక్షలో వ్యాధి ఉందని తేలిన ప్రతి ఒక్కరి పేరునా మూడు నెలల మాత్రలు వారి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉంచాలి. రక్త నమూనాలు అక్కడే తీసుకుని ల్యాబ్‌కు పంపాలి, బస్సు చార్జీలు పెట్టుకుని రోగి పట్నం దాకా వెళ్లే అవసరం ఉండకూడదు. ఆడపిల్లలకు గర్భం దాల్చే ముందు ఈ మందు గురించి డాక్టరుతో మాట్లాడాలని చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, అంటే తమకు రోగం లేకున్నా లోపమున్న జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుందన్నది ఆశా కార్యకర్తలు ఇక్కడి వారి భాషలైన కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెబితే ఇంకా నయం. ఎన్ని లక్షల మందిని పరీక్షించామన్న లెక్కతో పాటు, వారిలో ఎంతమంది ఈ నెల మాత్ర వేసుకున్నారన్న లెక్క కూడా వైద్యారోగ్య శాఖ జిల్లాల వారీగా ప్రకటించాలి.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా