మంత్రిగారూ, అమావాస్య పోటు వేళ మా గెడ్డ దగ్గరకు రండి

గౌరవనీయులైన సాగునీటి మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం. వంశధార ఎడమ కాలువ శివారులో నాకు రెండెకరాలు ఉంది. పొలానికి ఉప్పు పట్టిందని తెలియడానికి మాకు మట్టి పరీక్ష రిపోర్టు అక్కర్లేదు. నూతి నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా మెత్తబడదు. ఆవు తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసేస్తుంది. మార్చి వచ్చేసరికి గట్ల వెంట తెల్లటి పొర, దూరం నుంచి చూస్తే ఎవరో ముగ్గు చల్లినట్టు. పక్కన నౌపడ వాళ్లు ఉప్పు పండించి అమ్ముకుంటారు. మేం వరి వేసి ఉప్పు పండిస్తున్నాం, కొనేవాడు లేడు.

ఒక లెక్క చెప్తాను. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఎకరం పొలంలో ఒక్క అంగుళం సముద్రపు నీరు నిలిచి ఆవిరైపోతే మూడున్నర టన్నుల ఉప్పు మిగులుతుంది. యాభై కిలోల బస్తాల్లో కొలిస్తే డెబ్బై బస్తాలు. బాగా పండిన ఏడాది కూడా మా ఎకరం అన్ని బస్తాల ధాన్యం ఇవ్వలేదు.

సముద్రం ముందుకొచ్చిందని అందరూ అంటారు. మా పొలానికి అది నేరుగా రాలేదు, గెడ్డలోంచి, అంటే సముద్రంలో కలిసే మా వాగులోంచి వచ్చింది. వానాకాలంలో గెడ్డ నీరే సముద్రాన్ని తోసేస్తుంది. సంక్రాంతి దాటాక గెడ్డలో జోరు తగ్గి, పోటు నీరు ఎదురెక్కుతుంది. దాన్ని ఆపడానికే పాతకాలం షట్టర్లు ఉన్నాయి. వాటిలో రెండు తుప్పు పట్టి సగంలో ఆగిపోయాయి. కిందకీ దిగవు, పైకీ లేవవు. బాగు చేయించమని వెళ్తే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పంపారు, అక్కడివాళ్లు మళ్లీ మొదటి చోటికే పంపారు. చందాలేసుకుని ఇసుక బస్తాలు అడ్డం వేశాం. పోటు ఆగింది. తర్వాత పెద్ద వాన పడితే నీరు పోయే దారి లేక నాట్లు వేసిన పొలాలు మునిగాయి. వేసిన బస్తాలు మేమే అర్ధరాత్రి లాగేశాం.

బోరు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తీరంలో భూమి కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి వస్తుందని భూగర్భ జలాల శాస్త్రం చెప్పే లెక్క. కాలువ నీరు అందని ఏడాది బోరు తోడితే ఏమవుతుందో మీరే చూడండి.

జిప్సం మీద సబ్సిడీ అంటారు. జిప్సం కారు చౌడుకు, అంటే క్షారం పట్టిన నేలకు మందు. మాది పాల చౌడు, ఉప్పు తెల్లగా పైకి తేలే నేల. దీనికి మందు మంచినీరే: మడిలో నిలబెట్టి, కరిగిన ఉప్పుతో సహా బయటకు వదలాలి. బందరు పరిశోధన స్థానం వాళ్ల ఎంసీఎం 100 లాంటి వరి రకాలు కొంత ఉప్పుకు తట్టుకుంటాయి, ఆ విత్తనం మా దగ్గర దొరికేలా చేస్తే సంతోషం. కానీ విత్తనానికీ ఒక హద్దు ఉంటుంది.

రొయ్యల చెరువుల సంగతి కూడా చెప్పాలి. పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. అయినా మా పక్క పొలం చెరువైంది. ఆ ఉప్పునీరు ఊటగా నా మడిలోకి వస్తోంది. ఆ పొలం రైతును తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. మూడేళ్లు వరస పంట పోయాకే లీజుకిచ్చాడు. ఈ ఏడాది నన్నూ అడిగారు.

నష్టపరిహారం కోసం ఈ ఉత్తరం రాయడం లేదు. తుఫాను తర్వాత పొలాలు రాసుకోడానికి వచ్చినాయన కాగితంలో పడిపోయిన పంటకు గడి ఉంది, ఇసుక మేటకు గడి ఉంది, ఉప్పుకు లేదు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

సంక్రాంతిలోగా ఆ రెండు షట్టర్లు మార్పించండి. వాటి తాళం ఊళ్లో రైతుల దగ్గర ఉంచండి, ఎప్పుడు దించాలో ఎప్పుడు ఎత్తాలో మాకు తెలుసు. వరద రోజుల్లో వంశధార మీది గొట్టా బ్యారేజీ దాటి సముద్రంలో కలిసే నీటిలో కొంత శివారు దాకా వదిలిస్తే ఉప్పు మేం కడుక్కుంటాం. చెరువుల నీరు పోవడానికి వేరే డ్రైను తవ్వించండి.

వచ్చేటట్టయితే అమావాస్య నాడు రండి. పోటు వేళకి షట్టరు దగ్గర పది నిమిషాలు నిలబడితే నీరు ఎటు నడుస్తోందో కనిపిస్తుంది. గట్టు మీద కారు రాదు, అర కిలోమీటరు నడవాలి.

ఇట్లు,
సంతబొమ్మాళి మండలం శివారు రైతు