వాలియంట్ డ్రాగ్ కారు: చందాల జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం.

1968 నాటి ప్లిమత్ వాలియంట్ నాలుగు తలుపుల కారును డ్రాగ్ రేసుకు (రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పావు మైలు పరిగెత్తే పోటీకి) సిద్ధం చేయడానికి డాలస్ పరిసరాల తెలుగువారి నుంచి మన కమిటీ వసూలు చేసిన సొమ్ముకు ఇది లెక్క. మొత్తం జమ 8,335 డాలర్లు, ఖర్చు 8,060, చేతిలో నిల్వ 275. సెంట్లను దగ్గరి డాలరుకు సవరించాం. నిల్వ చూసి మురిసిపోవద్దు. జమలో 500 ఒక సభ్యుడు ఇచ్చిన చేబదులు. అది తీర్చాలంటే మరో 225 డాలర్లు కావాలి.

జమ

చందాలు, 46 మంది నుంచి: 6,340
ఉగాది సంబరాల్లో పులిహోర, మిర్చి బజ్జీల దుకాణం మిగులు (సరుకుల ఖర్చు పోను): 885
కారు నుంచి తీసిన పాత భాగాల అమ్మకం: 610
సభ్యుడి చేబదులు: 500

ఒక దాత "రంగు వేయడానికి మాత్రమే" అని షరతు పెట్టి 150 డాలర్లు పంపారు. కారు ఆగడానికి బ్రేకులు లేని రోజుల్లో రంగు సొమ్ము చేతిలో పెట్టుకోవడం సబబు కాదని తిరిగి ఇచ్చేశాం. అది పై లెక్కలో లేదు.

ఖర్చు

కారు ధర 1,900. పన్ను, కాగితాలు, ట్రైలర్ అద్దె 290: మొత్తం 2,190
ఇంజను, దాని సామగ్రి: 1,515
గేర్‌బాక్సు, కన్వర్టర్ (ఇంజను బలాన్ని గేర్‌బాక్సుకు అందించేది): 660
వెనక ఇరుసు, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు బలం చేరవేసే కడ్డీ): 830
బ్రేకులు: 575
భద్రత సామగ్రి: 480
వెనక చక్రాలు, వాడిన డ్రాగ్ రేడియల్ టైర్లు: 380
పెట్రోలు పంపు, గొట్టాలు, ట్యాంకు శుభ్రం: 265
సైలెన్సర్ గొట్టాలు: 240
రేడియేటర్: 185
వైరింగు, నట్లు, బోల్టులు, చిల్లర: 330
ట్రాక్ రుసుములు, అక్కడికి చేరవేత, పెట్రోలు: 410

ఇక దాతలు ఫోనులోనూ, గుడి దగ్గరా, పెళ్లి భోజనాల బంతిలోనూ అడిగిన ప్రశ్నలు.

"రెండు తలుపుల కారు కొనకుండా ఈ సంసారపక్షం కారు ఎందుకు?" ధర వల్ల. పాత కార్లు సేకరించేవాళ్లు రెండు తలుపుల వాటి వెంట పడతారు, నాలుగు తలుపుల వాటి వంక చూడరు. మనకు ఆ చిన్నచూపే కలిసొచ్చింది. పైగా ఇంజను పట్టేసి ఉండటంతో అమ్మినాయన బేరానికి దిగొచ్చాడు.

ఆ ఇంజను 225 ఘనపుటంగుళాల స్లాంట్ సిక్స్. 30 డిగ్రీలు పక్కకు ఒరిగి కూర్చునే ఆరు సిలిండర్ల ఇంజను, మొండిదని పేరు. బాగు చేయించుకోవచ్చు కదా అని పెద్దలు ఒకరు గట్టిగానే అడిగారు. బోరింగు, పిస్టన్లు, మెషిన్ షాపు కూలీ కలిపి అంచనా వేయిస్తే, స్క్రాపు యార్డులో దొరికే వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను ఖరీదు దాటిపోయింది. అందుకే 1990ల నాటి డాడ్జ్ పికప్‌లోని 5.2 లీటర్ల మాగ్నమ్ ఇంజనును 550కి తెచ్చాం. గ్యాస్కెట్లు, టైమింగ్ చైను, నీళ్ల పంపు, ఆయిలు 345. వాడిన కార్బురేటర్, దానికి తగిన మానిఫోల్డ్ 480. ఇంజను కూర్చునే కింది ఫ్రేము, మౌంట్లు 140.

ఈ రకం ఇంజన్లకు ఒక రోగం ఉంది: హెడ్డులో, అంటే సిలిండర్ల పైమూతలో, రెండు వాల్వు సీట్ల మధ్య బీట పడుతుంది. అందుకని హెడ్డులు రెండూ విప్పి, మసి తుడిచి, ఎర్రటి రంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచేసి, తెల్లటి పొడి చల్లి చూశాం. ఒకదానిలో మూడో సిలిండరు దగ్గర వెంట్రుకవాసి ఎర్రగీత పొడిలోంచి మెల్లగా పైకి తేలింది. యార్డువాళ్లు మారు మాట్లాడకుండా వేరే హెడ్డు ఇచ్చారు. ఆ రంగు సీసాలకు పెట్టిన 24 డాలర్లు చిల్లర పద్దులో ఉన్నాయి. ఈ మొత్తం లెక్కలో అంతకన్నా బాగా పెట్టిన సొమ్ము నాకు కనిపించదు.

గేర్‌బాక్సు మళ్లీ ఎందుకు కొన్నారని అడిగినవారికి: స్లాంట్ సిక్స్ వెనక ఉండే 904 టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు ముందు భాగం వి8 ఇంజనుకు బిగించడానికి కుదరదు, బోల్టుల అమరిక వేరు. పేరు ఒకటే అయినా పెట్టె వేరు. వాడిన వి8 పెట్టె 300, లోపలి సామాను 185, కన్వర్టర్ 175.

వెనక ఇరుసు పద్దు మీద గొడవ ఎక్కువ జరిగింది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. ఆరు సిలిండర్ల వాలియంట్‌కు కంపెనీ ఇచ్చిన ఇరుసు చిన్నది, వి8 బలానికి తట్టుకోదు. ప్లిమత్ మాతృసంస్థ క్రైస్లర్ వారి పెద్ద ఇరుసు కొనాలంటే మన బడ్జెట్ చాలదు. అందుకే ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి 8.8 అంగుళాల ఇరుసు 240కి తెచ్చాం. డిస్కు బ్రేకులు దానితోనే వచ్చాయి. అయితే దానికి ఒక పక్క గొట్టం పొడుగు, ఒక పక్క పొట్టి. పొడుగుది కోయించి, యార్డు నుంచి మరో పొట్టి షాఫ్టు 60కి తెచ్చి రెండు పక్కలా సమానం చేశాం. కోత, వెల్డింగు 220. కొలతకు చేయించిన ప్రొపెల్లర్ షాఫ్టు 310. ఫలితంగా ముందు చక్రాల బోల్టుల వలయం 4 అంగుళాలు, వెనకవాటిది నాలుగున్నర. ఒకే స్టెప్నీ రెండింటికీ పనికిరాదు. రేసు కారుకు స్టెప్నీతో పనేమిటని ఊరుకున్నాం.

చిల్లరలో "స్టడ్లు (చక్రం బిగించే బోల్టులు), 18 డాలర్లు" అని ఒక పద్దు ఉంది. ఆ కాలపు క్రైస్లర్ కార్లలో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉంటుంది, అంటే నట్టును కుడికి తిప్పితే ఊడుతుంది. ఇది తెలియని ఒక తమ్ముడు తన బలమంతా ప్రయోగించాడు. పేరు రాయడం లేదు. ఆదివారాలు అందరికీ ఉప్మా తెచ్చేది కూడా ఆయనే.

భద్రత పద్దులో హెల్మెట్ 240, సీటు బెల్టులు 110, షాఫ్టు విరిగితే కింద పడకుండా పట్టే లూపు 65, మంటలార్పే సిలిండరు 45, రేడియేటర్ నీళ్లు పొంగితే పట్టే డబ్బా 20. అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్ఏ నిబంధనల ప్రకారం మన కారు వేగానికి ఆ లూపు తప్పనిసరి కాదు కదా అన్నారు ఒకరు. నిజమే, కాదు. కానీ ముందు జాయింటు విరిగితే షాఫ్టు ముందు కొస నేలకు దిగి కుచ్చుకుంటుంది, లేదా నడిపేవాడి పక్కన నేలరేకు చీల్చుకుని లోపలికి వస్తుంది. ఆ 65 డాలర్ల గురించి కమిటీ మరోసారి చర్చించదు.

ఆఖరిది, అందరూ అడిగింది: "ఇంత ఖర్చు పెట్టి 14.7 సెకన్లేనా?" అవును. ఒక సాయంత్రం పావు మైలుకు వచ్చిన సమయాలు 14.71, 14.74, 14.69. మన దాతల్లో చాలామంది పిల్లలను బడికి దింపే ఆరు సిలిండర్ల క్యామ్రీ ఇంతకన్నా ముందే గీత దాటుతుంది. కాని మనం దిగేది బ్రాకెట్ రేసుకు. అందులో ఎవరి సమయం వారే ముందుగా కారు అద్దం మీద రాసుకోవాలి. మనం 14.70 అని, పక్క వరుస వాడు 10.20 అని రాస్తే, మన పచ్చదీపం నాలుగున్నర సెకన్లు ముందే వెలుగుతుంది. రాసుకున్నదానికన్నా తక్కువ సమయంలో పరిగెత్తినవాడు ఓడినట్టే. కాబట్టి ఇక్కడ గెలిచేది ప్రతిసారీ ఒకే సమయం తెచ్చే కారు, దీపానికి తడబడకుండా కదిలే మనిషి. పై మూడు సమయాల మధ్య తేడా సెకనులో ఇరవయ్యో వంతు. టైర్లు, బ్రేకులు, ఇరుసు మీద పెట్టిన సొమ్ము కనిపించేది అక్కడే. ఇంకో వెయ్యి డాలర్లు పోసి క్యామ్, హెడ్డులు మారిస్తే సెకను తగ్గేదేమో, ఆ తర్వాత గేర్‌బాక్సు, రేడియేటర్ కూడా మార్చమని కారే అడిగేది.

గ్యారేజీకి అద్దె, ఇంజను ఎత్తే క్రేనుకు బాడుగ ఎవరూ అడగలేదు. కరెంటు బిల్లు ఇవ్వబోతే ఆ ఇంటి వదినగారు తీసుకోలేదు. పనిచేసిన ఎవరికీ కూలీ ఇవ్వలేదు. వెల్డింగు, షాఫ్టు పనులు మాత్రం బయటివాళ్లకు డబ్బిచ్చి చేయించాం, ఎందుకంటే ఆ రెండూ ఆదివారం ఉత్సాహంతో చేసే పనులు కావు.

రశీదుల ఫైలు గ్యారేజీలో ఉంది, ఏ శనివారం సాయంత్రమైనా చూసుకోవచ్చు. రశీదు లేని ఖర్చు ఒక్కటే: యార్డులో నగదు ఇచ్చి కొన్న 60 డాలర్ల షాఫ్టు. దాని కింద ఇద్దరు సభ్యుల సంతకాలు ఉన్నాయి. చేబదులు తీరేవరకు కొత్త కొనుగోళ్లు ఉండవు. రంగు విషయం ఆ తర్వాతి సమావేశంలో చూద్దాం.

కమిటీ తరఫున,
కోశాధికారి