ఇంజిన్ ఆపిన పైలట్లను కాదు, నోరు విప్పని సంస్థను అడగండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ మొదటి పేజీలో వచ్చిన ‘నడిసంద్రం మీద ఆగిన ఇంజిన్.. గాల్లో దీపాలైన ప్రాణాలు’ వార్త గురించి ఈ ఉత్తరం. సముద్రం మీద ఉండగా రెండు ఇంజిన్లలో ఒకటి ఆగి, రెండోదానితోనే క్షేమంగా దిగిన ఆ విమానంలో మా చిన్నమ్మాయి, రెండేళ్ల మనవడు ఉన్నారు. వాళ్లు ఇల్లు చేరి, పిల్లాడికి జ్వరం తగ్గాక ఇప్పుడు రాయగలుగుతున్నాను. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నేను సునాబేడా ఇంజిన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు పని చేసి రిటైరైనవాణ్ణి. మిగ్ విమానాల ఇంజిన్లు మా చేతుల మీదుగా వెళ్లాయి. మీరు ఆ హెడ్డింగ్ కిందే ‘ఇంజిన్ ఫెయిలైంది’ అని కూడా పెద్ద అక్షరాల్లో వేశారు. నిజానికి ఆయిల్ ప్రెజర్ పడిపోతుంటే పైలట్లే దాన్ని ఆపేశారు. కెప్టెన్ మైకులో ఆ మాటే చెప్పాడని మా అమ్మాయి అంది. మీ వార్తలో మూడో పేరాలోనూ అదే ఉంది. హెడ్డింగ్ పెట్టినవారు మూడో పేరా దాకా చదవలేదా?

ఇంజిన్‌లో తిరిగే భాగాలను మోసే బేరింగుకు ఆయిల్ సరిగ్గా అందకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఫిల్టర్ విప్పి తెల్లగుడ్డ మీద దులిపితే సన్నటి లోహపు రజను వెండిపొడిలా మెరుస్తుంది. వేలితో రాస్తే గరగరలాడుతుంది. అది కనిపించిందంటే పైనుంచి ఎంత ఒత్తిడి ఉన్నా ఆ ఇంజిన్‌ను పక్కన పెట్టేసేవాళ్లం. గాల్లో ఉన్న పైలట్‌కు ఫిల్టర్ విప్పి చూసే వీలు లేదు, గేజీనే నమ్మాలి. ప్రెజర్ పడిపోతున్నా అలాగే లాగితే బేరింగ్ పట్టేసి ఇంజిన్ లోపలే చితికిపోవచ్చు. ముందే ఆపారు కాబట్టే మా వాళ్లు క్షేమంగా వచ్చారు. ఆ పైలట్లకు మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి దండం పెడుతున్నాం. మీ పత్రిక ఒక్క మంచి మాటైనా రాయలేదు.

‘విమానం ఒక్కసారిగా పక్కకు ఒరిగి కిందికి జారిపోయింది’ అని కూడా రాశారు. అది జారిపోవడం కాదు. ఒక్క ఇంజిన్‌తో విమానం అంత ఎత్తులో నిలవడం కుదరదు. మిగిలిన ఇంజిన్ పవర్ పెంచి, మెల్లగా దాన్ని తక్కువ ఎత్తుకు దింపుతారు. అదే దారిలో కింద ఇంకో విమానం రావచ్చు కాబట్టి, ముందు కనీసం 30 డిగ్రీలు పక్కకు తిప్పి, 5 నాటికల్ మైళ్ల (సుమారు 9 కిలోమీటర్ల) ఎడంగా జరుపుతారు. సముద్రం మీద ఎక్కడైనా ఇదే పద్ధతి. పైలట్లు సిమ్యులేటర్‌లో మళ్లీ మళ్లీ సాధన చేసేది ఇలాంటి వాటి కోసమే.

ఒక్క ఇంజిన్ ఆగితే దగ్గరలో దిగే చోటు ఉండాలన్న ఆలోచన కూడా ఈనాటిది కాదు. రెండు ఇంజిన్ల విమానం, ఒక్క ఇంజిన్‌తో గంటలో చేరగల విమానాశ్రయం లేనంత దూరం పోకూడదని అమెరికాలో 1953లోనే నిబంధన పెట్టారు. ఇంజిన్లు మెరుగయ్యాక 1985లో దాన్ని 120 నిమిషాలకు, 1988లో 180 నిమిషాలకు పెంచారు. అంటే ఒక్క ఇంజిన్ మీద మూడు గంటలు ఎగిరి దిగడాన్ని కూడా లెక్కలో పెట్టుకునే అలాంటి విమానాన్ని సముద్రం మీదికి పంపుతారు.

నిజంగా భయపడాల్సింది మరమ్మతు షెడ్డులో జరిగే పొరపాటుకు. 2001 ఆగస్టులో కెనడా నుంచి పోర్చుగల్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ విమానంలో, ఇంజిన్ మార్చినప్పుడు సరిపోలని హైడ్రాలిక్ పైపు బిగించారు. అది ఇంధనం పైపుకు రాసుకుని రాసుకుని చివరికి పగులు పెట్టింది. ఇంధనం కారిపోయి అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. 306 మందితో దాదాపు 19 నిమిషాలు ఇంజిన్ లేకుండానే తేలుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగారు, అందరూ బతికారు. బిగించేవాడు రెండు పైపుల మధ్య ఒక్క వేలు సందు చూసుకుని ఉంటే అంత దూరం వచ్చేది కాదు. అందుకే అడుగుతున్నాను: మా అమ్మాయి ఎక్కిన విమానంలో ఆ ఆయిల్ ఎక్కడికి పోయింది? ఆ ప్రశ్న మీ విలేకరి ఎవరినీ అడగలేదు.

ఇక విమాన సంస్థ సంగతి. ఇక్కడ జయపురంలో నేనూ మా ఆవిడా రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఎనిమిది దాకా వాళ్ల నంబరుకు ఫోన్ చేస్తూనే ఉన్నాం. పాట వినిపించి కట్ చేశారు. ఒక్కసారి మనిషి పలికితే ‘సాంకేతిక కారణాలు’ అని పెట్టేశాడు. ఈలోగా వాట్సాప్‌లో విమానం సముద్రంలో పడిందని మెసేజ్ తిరిగింది. మా ఆవిడకు బీపీ పెరిగి పక్కింటివాళ్లు డాక్టరును పిలవాల్సి వచ్చింది. ‘విమానం దిగింది, అందరూ బాగున్నారు’ అని నాలుగు మాటల మెసేజ్ పంపడానికి తొమ్మిది గంటలు చాలలేదా? విమానంలోనూ అంతే. కెప్టెన్ ఇంగ్లిషులో ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. మా అమ్మాయి పక్క సీట్లో శ్రీకాకుళం పెద్దావిడ ఏమైందో తెలియక రెండు గంటలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందట.

అసలు జనానికి చెప్పాలనే ధ్యాసే ఎవరికీ లేకుండా పోయింది. సాలూరు ఘాట్‌లో బస్సు ఆగితే ఎందుకో, ఎంతసేపో చెప్పేవాడు ఉండడు. మూడు రోజులు కరెంటు లేకపోయినా ఫోన్ ఎత్తరు. ఏదైనా కాగితం కోసం ఆఫీసుకు వెళ్తే రేపు రమ్మంటారు, ఎందుకు రేపో చెప్పరు. మా ఫ్యాక్టరీలో ఒక నట్టు కనిపించకపోతే షిఫ్టు దిగేలోపు రాసి సంతకం పెట్టేవాళ్లం. దాచినవాడికి శిక్ష పడేది కానీ చెప్పినవాడికి పడేది కాదు.

మీ వార్త చదివాక మా వీధిలో ఇద్దరు, తమ పిల్లల దగ్గరికి వెళ్లే విమాన ప్రయాణం మానుకుంటామన్నారు. వాళ్లకు నేను బల్ల మీద గ్లాసులు పెట్టి మరీ వివరించాను. అది మీరు చేయాల్సిన పని.

ఆ ఇంజిన్ విప్పాక లోపల ఏం కనబడిందో విమాన సంస్థనూ, పౌర విమానయాన అధికారులనూ అడిగి తెలుసుకోండి. జవాబు వచ్చాక, ఆ హెడ్డింగ్ వేసినంత పెద్ద అక్షరాల్లోనే, మొదటి పేజీలోనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజిన్ టెక్నీషియన్
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా