పుట్టబోయే బిడ్డ తరఫున మా కాంగ్రెస్ సభ్యుడికి బహిరంగ లేఖ

టెక్సస్, డిసెంబర్ 2025

అయ్యా,

నేను మీ ఓటరును కాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను, పన్ను మాత్రం ఠంచనుగా కడతాను. ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు పంపాను. ఇది మావాళ్లు చదవడానికి.

ఫిబ్రవరిలో నా కాన్పు. అమ్మ గుంటూరు నుంచి బాలింత కాయం చేసి తెచ్చింది. డబ్బా మూత బిగిస్తూ, "బిడ్డ ఏ దేశస్థుడని రాస్తారే?" అంది. చెప్పలేకపోయాను.

1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చిన విషయమిది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు అమెరికా పౌరుడేనంది. అయినా ఈ జనవరి 20న అధ్యక్షుడు సంతకం చేసిన ఉత్తర్వు ప్రకారం, మాలా తాత్కాలిక వీసాల మీదున్న దంపతుల బిడ్డకు పౌరసత్వం రాదు. కింది కోర్టులు ఆపాయి కాబట్టి సరిపోయింది. డిసెంబర్ 5న ఆ వివాదాన్ని సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

విచిత్రంగా అదే రోజు అమెరికా ప్రభుత్వ టీకాల సలహా సంఘం, పుట్టగానే పిల్లలందరికీ హెపటైటిస్-బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) టీకా అన్న 1991 నాటి సిఫారసును వద్దంది. తల్లికి పరీక్షలో జబ్బు లేదని తేలితే, డాక్టరుతో మాట్లాడి మీరే తేల్చుకోండి అంది. పసికందుకు ఆ వైరస్ సోకితే పదింట తొమ్మిది మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. నేను వేయిస్తాను, అందులో సందేహం లేదు.

నాకు కావలసినవి రెండు జవాబులు. ఆ ఉత్తర్వును మీరు సమర్థిస్తున్నారా? ఇన్సూరెన్సులు ఆ తొలి టీకా ఖర్చు భరించేలా సభలో మాట్లాడతారా? ఫిబ్రవరిలోపు రాయండి.

ఇట్లు,
మీ నియోజకవర్గంలో ఉంటున్న ఒక గర్భిణి