మన సంఘం వార్షిక నివేదిక: క్లినికల్ ట్రయల్ గడప దాకా ఎవరు వెళ్తున్నారు?

సభ్యులందరికీ నమస్కారం.

గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర భోజనం టోకెన్లు, ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలకు సాయం, రక్తదాతల జాబితా ఎప్పటిలానే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నేను చెప్పదలుచుకున్నది ఈ ఏడాది కొత్తగా తలకెత్తుకున్న పని గురించి: క్లినికల్ ట్రయల్స్, అంటే కొత్త మందు ఎలా పనిచేస్తుందో మనుషుల మీద చూసే పరీక్షల దాకా మన కాన్సర్ రోగులను చేర్చడం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు: "కాన్సర్‌కి కొత్త మందుల ట్రయల్స్ అంటారే, వాటిల్లో మనవాళ్లు ఒక్కరూ కనపడరేం?" వెనక వరసలోంచి ఎవరో "పిడుగురాళ్ల మర్చిపోయారా?" అన్నారు. మర్చిపోలేదు. 2011లో, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లను డబ్బాశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లారు. ఏ జబ్బూ లేనివాళ్లకు రొమ్ము కాన్సర్ మందు ఇచ్చి పరీక్షలు చేశారు. అంతకు రెండేళ్ల ముందు ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని తర్వాత తేలింది. ముప్పు మోయాల్సి వస్తే పేదవాళ్లు గుర్తొచ్చారు. మేలు జరిగే అవకాశం ఉన్నచోట?

ట్రయల్స్ వివరాలన్నీ కేంద్ర రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ) అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అది 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఎవరైనా ఊరికే చూడొచ్చు, కాకపోతే అంతా ఇంగ్లీషే. మన పిల్లలు ఇద్దరు ఆదివారాలు కూర్చుని, ఏ ట్రయల్ ఏ ఊళ్లోనో, ఎవరిని తీసుకుంటారో తెలుగులో ఒక్కో పేజీకి కుదించారు.

ఆ కాగితాలు పట్టుకుని ముగ్గురు రోగులు బయల్దేరారు. మిర్చి యార్డులో పనిచేసే ఒకావిడను రక్తం తక్కువుందని వెనక్కి పంపారు. ఇంకొకాయన అప్పటికే వేరేచోట సగం కీమో చేయించుకున్నారు, అర్హత పోయింది. మూడో ఆమెకు అన్నీ కుదిరాయి. మందుకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ వెళ్లిన ప్రతిసారీ భర్త కూలి పోతుంది, రాత్రి ఉండటానికి చోటు లేదు. నాలుగోసారి వెళ్లలేదు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. అడ్డం భయమేననుకుని మొదట ధైర్యం చెప్పే కరపత్రాలు వేశాం. ఆ డబ్బు చార్జీలకిస్తే బాగుండేది. రక్తం తక్కువ, ఆలస్యంగా రావడం, అరకొర వైద్యం ఇవన్నీ పేదరికం గుర్తులే. ట్రయల్ నిబంధనల్లో అవే అనర్హతలైపోతున్నాయి. పైగా "వీళ్లు మళ్లీ రారులే" అనుకుని ట్రయల్ మాటే ఎత్తని డాక్టర్లూ ఉన్నారు. చివరికి గట్టి ఒళ్లున్న వాళ్ల మీద పరీక్షించిన మందు రేపు మనవాళ్లకి రాస్తారు.

ట్రయల్‌లో చేరేముందు సంతకం పెట్టే అంగీకార పత్రం చదివే సమావేశం మాత్రం బాగా జరిగింది. కేంద్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన ట్రయల్ నిబంధనల ప్రకారం చదువురాని వారికి, ట్రయల్‌తో సంబంధంలేని సాక్షి ఎదుటే అన్నీ వివరించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు. తెలుగు పత్రంలో "యాదృచ్ఛికీకరణ" అన్న మాట వినగానే ఒక పెద్దావిడ "ఇదేం మంత్రం నాయనా?" అన్నారు. "చీటీ తీసినట్టమ్మా. కొత్త మందు వస్తుందో, ఇప్పుడు వాడేదే వస్తుందో డాక్టరు చేతిలో కూడా ఉండదు" అని చెప్తే అర్థమైంది.

రైలు రాయితీ సంగతి చాలామందికి తెలియదు. వైద్యానికి వెళ్లే కాన్సర్ రోగికి స్లీపర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి సంతకంతో ఫారం కావాలి. ఖాళీ ఫారాలు ఆఫీసులో ఉన్నాయి.

ట్రయల్‌కి వెళ్లే రోగికీ తోడు వెళ్లేవారికీ హైదరాబాద్‌లో ఒక్క రాత్రి చోటివ్వగల బంధువులు మీకుంటే, వెళ్లేముందు బల్ల మీది పుస్తకంలో రాయండి. ఆ పేజీ ఆర్నెల్లుగా ఖాళీగానే ఉంది.

– కార్యదర్శి